బ్రేకు కాలిపర్లకు రంగు వెయ్యాలా, రంగు పుట్టించాలా?

ఈ శీర్షికలో ఎప్పుడూ కంప్యూటర్ల గొడవేనా అని అడిగే పాఠకుల కోసం ఈసారి కారు చక్రాల దగ్గరికి వెళ్దాం. స్పోర్ట్స్ కార్ల చక్రాల ఆకుల సందుల్లోంచి ఎర్రగానో, పసుపుపచ్చగానో మెరిసే భాగాన్ని మీరు చూసే ఉంటారు. అదే బ్రేకు కాలిపర్. మనం పెడల్ తొక్కగానే బ్రేకు ద్రవం ఒత్తిడికి దానిలోని పిస్టన్లు ముందుకు జరిగి, పాడ్లను తిరిగే డిస్కుకేసి అదిమిపెడతాయి. ఒకటిన్నర టన్నుల కారునీ, అందులో కూర్చున్న మనవాళ్ళనీ ఆపే పిడికిలి అది. దానికి సోకులు చెయ్యడంలో తప్పేమీ లేదు. ఆ సోకు వల్ల పిడికిలి పట్టు సడలకూడదు, అంతే.

మేముండే న్యూజెర్సీలో మంచు పడితే రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళూ, బ్రేకుల వేడీ, ఎగిరివచ్చే గులకరాళ్ళూ కలిసి నా పాత సెడాన్ కాలిపర్ల మీది ఎర్రరంగును పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టాయి. దీనికి తోడు బ్రేకు ద్రవం, అంటే డాట్ 3, డాట్ 4 రకాలది, ఒక్క చుక్క పడినా మామూలు రంగు మెత్తబడి లేచిపోతుంది. "మళ్ళీ రంగెందుకు? అనొడైజింగ్ చేయించు, ఇక ఊడే ప్రసక్తే ఉండదు" అన్నాడు కార్ల పిచ్చి ఉన్న మా ఆఫీసు మిత్రుడు. మాట బాగానే ఉంది. సంగతేమిటో చూద్దామని బయలుదేరాను.

అనొడైజింగ్ మనకు కొత్తేమీ కాదు. వంటింట్లోని నల్లటి హార్డ్ అనొడైజ్డ్ కుక్కరూ, 2004లో రంగురంగుల్లో వచ్చిన ఐపాడ్ మినీ పైతొడుగూ ఆ బాపతువే. ఇత్తడి గిన్నెకు కళాయి పూస్తే తగరం పైనుంచి వచ్చి అతుక్కుంటుంది. అనొడైజింగ్ అలాంటి పూత కాదు. అల్యూమినియం వస్తువును పలచని గంధకికామ్లంలో ముంచి, బ్యాటరీ ధనధ్రువానికి కలిపి, పన్నెండు నుంచి ఇరవై వోల్టుల దాకా విద్యుత్తు పంపిస్తారు. అప్పుడు లోహపు పైపొరే ఆమ్లజనితో కలిసి అల్యూమినియం ఆక్సైడుగా మారుతుంది. కొంత లోపలికి, కొంత బయటికి పెరుగుతుంది. వస్తువులోంచే పుట్టిన పొర కనుక రంగులాగా పెచ్చులూడదు. గట్టిదనం సంగతా? మన కెంపూ, నీలమూ కూడా స్ఫటిక రూపంలో ఉన్న అల్యూమినియం ఆక్సైడే!

ఈ పొరనిండా తేనెపట్టులా కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. రంగునీళ్ళలో ముంచితే అవి రంగును పీల్చుకుంటాయి. ఆ తర్వాత మరిగే నీళ్ళలో ఉంచితే రంధ్రాల మూతులు మూసుకుపోతాయి. రంగు లోపల బందీ. అలంకరణకు చేసే పొర మందం 5 నుంచి 25 మైక్రాన్లు. ఆమ్లాన్ని సున్నా డిగ్రీల దగ్గరకు చల్లబరిచి చేసే హార్డ్ అనొడైజింగ్‌లో 50 మైక్రాన్లయినా రావచ్చు. ఉప్పునీటినుంచి రక్షణ కోసమే ఈ విద్య పుట్టింది. 1923లో బ్రిటన్‌లో నీటిమీద దిగే విమానాల భాగాలు తుప్పుపట్టకుండా వాడారు. గంధకికామ్లం పద్ధతికి 1927లో పేటెంటు వచ్చింది.

ఇంత చదివాక కాలిపర్లు విప్పించి, ఊళ్ళోని అనొడైజింగ్ షాపుకు పట్టుకెళ్ళాను. ఆ షాపు పెద్దాయన ధర చెప్పకుండా నన్నే మూడు ప్రశ్నలడిగాడు.

మొదటిది: ఇది ఏ లోహం? ఇనుముకు అనొడైజింగ్ జరగదు, ఆమ్లంలో కరిగిపోతుంది. మామూలు సెడాన్లలో చాలావాటికి ఉండేవి పోత ఇనుప కాలిపర్లే. ఇక అల్యూమినియంలోనూ పోత పోసినదీ, దిమ్మెనుంచి చెక్కినదీ వేరు. పోత అల్యూమినియంలో సిలికాన్ బాగా కలుపుతారు, కొన్ని రకాల్లో ఏడు శాతం దాకా. ఆ సిలికాన్ ఆక్సైడుగా మారక అలాగే మిగిలి, పొరకు బూడిదరంగు తెస్తుంది. దానిమీద ఎరుపు అద్దితే ఎండిన మిరపకాయ రంగొస్తుంది తప్ప కుంకుమరంగు రాదు. నావి పోతవి.

రెండోది: మొత్తం విప్పారా? రబ్బరు సీళ్ళు, పిస్టన్లు, గాలి తీసే స్క్రూలు, లోపల బిగించిన ఉక్కు మరలు, ఏ ఒక్కటీ ఆమ్లంలోకి వెళ్ళకూడదు. పిస్టన్ ఆడే రంధ్రాన్నీ, సీలు కూర్చునే గాడినీ మూసి కాపాడాలి. అక్కడ కొన్ని మైక్రాన్లు మందం పెరిగినా పిస్టన్ బిగుసుకోవచ్చు, లేదా ద్రవం కారవచ్చు.

మూడోది: ఎంత వేడెక్కుతుంది? ఆక్సైడు పొరకంటే అల్యూమినియం సుమారు అయిదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే పొరమీద వెంట్రుకలాంటి పగుళ్ళు రావచ్చు. పొర ఊడదు కానీ, ఉప్పునీటికి దారి దొరుకుతుంది. పైగా చాలా రంగులు వేడికీ, ఎండకూ వెలిసిపోతాయి. ఇంకో సంగతి, మందమైన పొర అల్యూమినియం అలసటను తట్టుకునే శక్తిని కాస్త తగ్గిస్తుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ సాగి ముడుచుకునే కాలిపర్ విషయంలో ఇది చిన్నమాట కాదు. రేసు కాలిపర్లను కూడా అనొడైజ్ చేస్తారు గదా అంటారేమో. నిజమే, అక్కడ లోహాన్నీ, కొలతల్నీ ఆ పొరను దృష్టిలో పెట్టుకునే ముందునుంచీ ఎంచుకుంటారు.

అనొడైజ్ చేస్తే చల్లబడతాయన్న మాటలోనూ సగమే నిజం. నున్నటి అల్యూమినియంకంటే ఆ పొర వేడిని బాగా వెదజల్లుతుంది. కానీ రంగు వేసిన ఉపరితలం కూడా దాదాపు అంతే వెదజల్లుతుంది.

అందుకని నేను ఎర్రటి పౌడర్ కోటింగ్‌కే ఓటేశాను. దాన్ని సుమారు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు కనుక సీళ్ళు ఎలాగూ తీయాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త సీళ్ళు వేయించి, లైన్లలో గాలి తీయించి, ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి బ్రేకులు పరీక్షించాకే పిల్లల్ని ఎక్కించుకున్నాను.

మీకూ ఈ సరదా ఉంటే ముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్ళి కాలిపర్ ఒంటికి ఆనించండి. అతుక్కుంటే ఇనుము, వేడిని తట్టుకునే కాలిపర్ పెయింటు డబ్బా కొనుక్కోండి. అతుక్కోకపోతే అల్యూమినియం, అప్పుడు పోతదో చెక్కినదో కనుక్కోండి. చెక్కినదైతే కాలిపర్ల అనుభవమున్న షాపుకే ఇవ్వండి. అనొడైజ్ అయినవాటిని ఘాటైన ఆమ్లాలూ క్షారాలూ ఉన్న చక్రాల క్లీనర్లతో కడగకండి, పొర కరిగిపోతుంది. బ్యాటరీ ఆసిడ్డూ ఛార్జరూ పెట్టి గరాజ్‌లోనే చేసేద్దామనుకునే వీరులకు ఒక మనవి: అందులోంచి వచ్చేది హైడ్రోజన్ వాయువు, నిప్పురవ్వ చాలు. ఆ ప్రయోగమేదో నిపుణుల దగ్గర నేర్చుకుని తాళంచెవి గొలుసు బిళ్ళమీద చెయ్యండి, బ్రేకుల మీద వద్దు.