రాడార్ గన్నూ, చిన్న ఊళ్ల బోర్డులూ

రాడార్ డిటెక్టర్ ఉంటే టికెట్ పడదని మనవాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. రాడార్ గన్ వదిలిన తరంగాలు కదిలే కారుకి తగిలి తిరిగొచ్చేసరికి వాటి ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఇంటర్లో చదివిన డాప్లర్ ఎఫెక్టే. దూరం వెళ్లేకొద్దీ ఆ తరంగాలు పరుచుకుంటాయి కనుక, ముందు కారుని కొలుస్తున్నప్పుడే డిటెక్టర్ పసిగట్టి మనకి చెప్పగలదు. లైడార్ దగ్గర ఈ పప్పులుడకవు. అది లేజర్. వెయ్యి అడుగుల దూరాన కూడా కిరణం వెడల్పు సుమారు మూడడుగులే. డిటెక్టర్ కూసేసరికే ఆఫీసర్ చేతిలో మన వేగం పడిపోయి ఉంటుంది. పైగా వర్జీనియాలో డిటెక్టర్ వాడటమే తప్పు!

అసలు కిటుకు గన్నులో లేదు, బోర్డులో ఉంది. ఒహాయోలో కొలంబస్ పక్కన న్యూ రోమ్ అనే పల్లె ఉండేది. 2000 జనాభా లెక్కల్లో అరవై మంది. హైవే మీద 45 ఉన్న పరిమితి అక్కడ హఠాత్తుగా 35 అయ్యేది. ఊరు బతికింది ఆ టికెట్ల మీదే. చివరికి 2004లో కోర్టు ఊరినే రద్దు చేసింది. ఫ్లోరిడాలోని వాల్డో, టికెట్ల కోటా ఆరోపణల తర్వాత, 2014లో తన పోలీసు శాఖనే మూసేసుకుంది.

టికెట్ రాగానే చెక్కు రాసి పంపేస్తాం. చాలా రాష్ట్రాల్లో అది నేరం ఒప్పుకున్నట్టే: పాయింట్లు, ఆపైన ఇన్సూరెన్స్ వాత. కోర్టు తేదీ అడగొచ్చు, గన్ను కాలిబ్రేషన్ రికార్డు చూపమనొచ్చు. కొన్ని చోట్ల పాయింట్లు లేని తప్పుగా మార్చడానికి ప్రాసిక్యూటరే ఒప్పుకుంటాడు. వేరే రాష్ట్రం కదా అని ఆ కాగితాన్ని డ్రాయర్లో పడేయకండి. చాలా రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది, మనం ఉండే రాష్ట్రమే మన లైసెన్స్ సస్పెండ్ చేయగలదు.