దారితప్పిన కుందేలు ఎవరి సొత్తు?

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని మేము ఇల్లు చేరేసరికి పిల్లలంతా పెరట్లో గుమిగూడి ఉన్నారు. నీళ్ల తొట్టి వెనుక ఒక కుందేలు ముడుచుకుని వణుకుతోంది. వీధి కుక్కలు తరిమితే గోడ కంతలోంచి లోపలికి దూరిందట.

"అబ్బాజాన్, మనమే పెంచుకుందాం" అన్నారు పిల్లలు. "హలాల్ జంతువే కదా మౌల్వీ సాబ్!" అని నవ్వారు పొరుగాయన. నిజమే. దైవప్రవక్త (స) కుందేలు మాంసాన్ని కానుకగా స్వీకరించారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. కాని హలాల్ అయినంత మాత్రాన పరుల సొత్తు మనదైపోదు.

మొదట అది అడవిదా, పెంపుడుదా అన్నది తేలాలి. మన పొలాల్లో తిరిగే కుందేలు గోధుమ రంగులో ఉంటుంది, మెడ వెనుక నల్లని మచ్చ ఉంటుంది. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇది తెల్లది, కళ్లు ఎర్రవి. ముక్కు, చెవులు, పాదాలు, తోక మసి పూసినట్లున్నాయి. పెంపుడుదే, సందేహం లేదు.

మర్నాడు పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాం. తూకం నాలుగు కిలోలు. "ఒళ్లంతా తెలుపైతే న్యూజిలాండ్ వైట్ అనుకోవచ్చు. ఈ నల్ల గుర్తులు హిమాలయన్‌కూ ఉంటాయి, కాలిఫోర్నియన్‌కూ ఉంటాయి. హిమాలయన్ రెండు కిలోలు దాటడం అరుదు. కనుక ఇది కాలిఫోర్నియన్ పోలిక. అయితే అమ్మకానికి వచ్చేవాటిలో సంకరజాతులు ఎక్కువ" అన్నారాయన. చెవులు పట్టి ఎత్తవద్దనీ, పళ్లు జీవితాంతం పెరుగుతాయి గనుక గడ్డే ప్రధానాహారంగా పెట్టమనీ, కారెట్ కొద్దిగానే ఇవ్వమనీ, మనుషుల మందులు ముట్టించవద్దనీ చెప్పారు.

దారితప్పిన ఒంటెను దాని మానాన వదిలేయమన్నారు దైవప్రవక్త (స). అది నీరూ ఆకూ తానే వెతుక్కోగలదు. మేకనైతే తీసుకోవచ్చన్నారు, లేకుంటే తోడేలు పాలవుతుంది. కుందేలు స్థితీ మేక స్థితే. దొరికిన సొమ్ము విషయంలో దాని సంచినీ, కట్టిన తాడునూ గుర్తుపెట్టుకుని ప్రకటించమన్నారు. గుర్తులు చెప్పినవాడికే సొత్తు దక్కాలన్నది ఇందులోని మర్మం.

మసీదు లోపల పోయినవాటిని ప్రకటించరాదు గనుక జుమా తరువాత మెట్ల బయట నిలబడి "కుందేలు దొరికింది, గుర్తులు చెప్పి తీసుకెళ్లండి" అని మాత్రమే చెప్పాం. రంగు చెప్పలేదు.

రెండోనాడు ఒక పెద్దమనిషి వచ్చి "మాదే, పాలలా తెల్లగా ఉంటుంది, ఎక్కడా మచ్చ లేదు" అన్నారు. కాదన్నందుకు "మా మాట మీద నమ్మకం లేదా?" అని కోపగించి వెళ్లిపోయారు. ఆ రాత్రి మాకు మనసు బాగాలేదు.

తొమ్మిదో రోజున తండ్రి చేయి పట్టుకుని ఒక పాప వచ్చింది. "ముక్కు నల్లగా ఉంటుంది చాచా. మూడు కాళ్లు నలుపు, ఎడమ వెనుక కాలు మాత్రం తెలుపు" అంది. ఆ కాలి సంగతి మా ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

కుందేలును అప్పగిస్తుంటే మా చిన్నవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. వాణ్ణి ఒళ్లోకి తీసుకుని ఒకటే చెప్పాం: "బేటా, తొమ్మిది రోజులూ మనం దాని యజమానులం కాము, కాపలాదారులం. అమానతును తిరిగి అప్పగించిన ఇంట్లో బర్కత్ తగ్గదు."

పిల్లలకు ఈ పాఠం నేర్పే అవకాశం మీ పెరట్లోకీ ఏదో ఒకనాడు రావచ్చు. వచ్చినప్పుడు ముందు దాని ప్రాణం కాపాడండి, తరువాత గుర్తులు చూసుకోండి, ఆపై యజమానిని వెతకండి.