ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందా?

ఆటోమొబైల్ కంపెనీ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే చప్పున ‘అవును’ అనాలనిపిస్తుంది. కానీ సరైన జవాబు ‘కాదు’. ఎందుకో తెలియాలంటే టూరింగ్ బైక్ సస్పెన్షన్‌ను అర్థం చేసుకోవాలి. మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమా, బీటెక్ విద్యార్థులకు ఇంతకుమించిన ప్రాక్టికల్ పాఠం ఉండదు.

ముందు కొలవండి

వెనకాల స్నేహితుడు, రెండు వైపులా బ్యాగులు... ఘాట్‌రోడ్డెక్కితే బైక్ వెనక్కి కుంగిపోతుంది. ముందు చక్రంపై బరువు తగ్గి మలుపుల్లో పట్టు సడలుతుంది. హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఇలాంటప్పుడు వెంటనే ఖరీదైన షాక్ కొనేయొద్దు. ముందు టేపు తీసుకోండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411నే చూద్దాం. దీని వెనక చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం 180 మి.మీ. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి దానికి నేరుగా పైన బాడీ మీదున్న ఒక గుర్తు వరకు కొలవాలి. తర్వాత స్టాండ్ తీసి, మనుషులు, సామాను బరువుతో మళ్లీ కొలవాలి. ఈ రెండింటి తేడానే ‘శాగ్’ అంటారు. ఇది మొత్తం దూరంలో దాదాపు 30 శాతం, అంటే 54 మి.మీ. దగ్గర ఉంటే మంచిది. ఎక్కువుంటే ప్రీలోడ్ పెంచాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎప్పుడు మార్చాలి?

ప్రీలోడ్ వల్ల బైక్ ఎత్తు మాత్రమే మారుతుంది. స్ప్రింగ్ గట్టిదనం తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య, లోహంపై ఆధారపడుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి తీగ మందం 10 శాతం పెంచితే చాలు, గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. మందం నాలుగో ఘాతంలో పనిచేయడమే కారణం. ప్రీలోడ్ పూర్తిగా పెంచినా శాగ్ ఎక్కువే ఉంటే అప్పుడు గట్టి స్ప్రింగ్ అవసరం.

అయితే స్ప్రింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. గట్టి స్ప్రింగ్ మరింత బలంగా వెనక్కి తన్నుతుంది. దాన్ని అదుపుచేసే డ్యాంపింగ్ కూడా తగినట్టుండాలి. లేకపోతే గతుకు దాటాక బైక్ బంతిలా ఎగురుతుంది. గ్యాస్ నింపిన షాక్‌ను ఇంట్లో విప్పే ప్రయత్నం మాత్రం వద్దు, ప్రమాదం. మార్పులకు ముందు వారంటీ నిబంధనలు కూడా చదవండి.

ఉద్యోగానికి ఎలా ఉపయోగం?

ఎండ్యూరెన్స్ టెక్నాలజీస్, గాబ్రియల్ ఇండియా లాంటి సంస్థలు మన దేశంలో సస్పెన్షన్లు తయారుచేస్తున్నాయి. ఇలాంటి చోట్ల డిజైన్, టెస్టింగ్, క్వాలిటీ, సర్వీస్ విభాగాలుంటాయి. కాలేజీలో ఉండగానే బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీల జట్టులో చేరితే సస్పెన్షన్ డిజైన్ చేతికొస్తుంది. సంస్థల్లో అప్రెంటిస్‌షిప్ మరో దారి.

ఈ ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాసుకోండి:
* స్ప్రింగ్, డ్యాంపర్ పనుల్లో తేడా ఏంటి?
* ఒంటరిగా వెళ్లేటప్పుడు, ఇద్దరు వెళ్లేటప్పుడు ప్రీలోడ్ ఎందుకు మార్చాలి?
* ఫోర్క్ ఆయిల్ పలచబడితే ఏమవుతుంది?

రెజ్యూమెలో ‘బైక్ మాడిఫికేషన్ తెలుసు’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. శాగ్ ఎంత ఉండేది, ఏం మార్చారు, తర్వాత ఎంతకు వచ్చింది... ఈ మూడు అంకెలు రాయండి. ఇంటర్వ్యూ చేసేవారి తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది.