పాత ఎక్స్‌రేతో డప్పు

బీరువా అడుగున పాత ఎక్స్‌రేలు లేని ఇల్లుంటుందా చెప్పండి! మా ఇంట్లో అయిదున్నాయి. రెండేళ్ళ క్రితం స్కూటర్ మీంచి పడి మావారి కాలు విరిగినప్పటివి.

ఆ ఆపరేషన్‌తో చేతిలో పైసా లేని రోజుల్లోనే మా చిన్నవాడు డ్రమ్స్ కొనమని అడిగాడు. ఇప్పుడు కాదురా అన్నాను. వాడు మళ్ళీ అడగలేదు. పేచీ పెట్టినా అంత బాధ ఉండేది కాదు.

అప్పుడే టీవీలో పరాగ్వే దేశం పిల్లల్ని చూశాను. రాజధాని అసున్సియోన్ చెత్తకుప్పల పక్కన కాతెయూరా అనే పేట. చెత్త ఏరుకుని బతికేవాళ్ళే ఎక్కువ. ఫావియో చావెజ్ అనే పర్యావరణ ఇంజనీరు అక్కడి పిల్లలకి సంగీతం నేర్పబోతే వాయిద్యాలు చాల్లేదట. అక్కడ వయొలిన్ ఖరీదు ఇల్లు ఖరీదు కన్నా ఎక్కువ! చెత్త ఏరే నికోలాస్ గోమెజ్ అనే ఆయన నూనె పీపాతో సెల్లో, రేకు డబ్బాలతో వయొలిన్లు చేసిపెట్టాడు. డ్రమ్ములకి తోలు బదులు ఎక్స్‌రే ఫిల్ము. వీళ్ళ మీద 2015లో ‘ల్యాండ్‌ఫిల్ హార్మోనిక్’ అని సినిమా కూడా వచ్చింది.

ఇంకేం, బీరువా తీశాను. డాక్టరుగారు అక్కర్లేదన్నవే వాడామండోయ్, మీరూ అడిగి మరీ తీయండి. పెద్ద రేకు డబ్బా కడిగి ఆరబెట్టి, అంచు చేతికి కోసుకోకుండా సుత్తితో మడిచాం. డబ్బా మూతి కన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువగా ఫిల్ము గుండ్రంగా కత్తిరించి, అంచున గాట్లు పెట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాం. మొదటిసారి వదులైపోయి చప్పుడే రాలేదు. ఒకరు ఫిల్ము లాగి పట్టుకుంటే ఇంకొకరు కట్టాలి, ఒక్కరి వల్ల కాదు. పురుగుమందు, రంగుల డబ్బాలు మాత్రం ముట్టుకోకండి. మిగిలిన ముక్కలు కాల్చకండి, అది ప్లాస్టిక్కే.

సోడా మూతలకి చిల్లులు పెట్టి తీగకి గుచ్చితే గలగలలు. పింగాణీ కప్పుల్లో నీళ్ళు పోసి పుల్లతో కొడితే జలతరంగమే. నీళ్ళు ఎక్కువైతే స్వరం కిందికి దిగుతుంది.

“నా ఎముక మీదే దరువా?” అన్నారు మావారు. ఇప్పుడు సాయంత్రాలు ఆయనే తాళం వేస్తున్నారు. కింది వాటా ఆవిడ గొడవపడితే, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాయించకూడదని ఒప్పందం చేసుకున్నాం. వాడికిప్పుడు రెండో డప్పు కావాలట. ఇంకాస్త పెద్ద డబ్బా కోసం వెతుకుతున్నాను.