డిస్క్ ‘రాసేశా’ అంటే నమ్మొచ్చా?

ఇంజనీరింగ్ మూడో ఏడాది, ఎండాకాలం. హాస్టల్ రూమ్‌లో సెకండ్ హ్యాండ్ పీసీ, దాంట్లో లైనక్స్. రాత్రి రెండింటికి మినీ ప్రాజెక్ట్ కోడ్ సేవ్ చేశా. పది సెకన్లు కాలేదు, కరెంట్ పోయింది. తిరిగొచ్చాక చూస్తే ఫైల్ పేరుంది, సైజు సున్నా. పొద్దున్నే రివ్యూ. అక్కడ ఏం జరిగిందో అడక్కండి.

సేవ్ అయిందని చెప్పింది కదా, మరి ఎక్కడికి పోయినట్టు? నా కేసులో తప్పు డిస్క్‌ది కాదు, కోడ్ ఇంకా ర్యామ్‌లోనే ఉండిపోయింది. కానీ ఆ వెతుకులాట నన్ను 1991 దాకా లాక్కెళ్లింది.

లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు అందులో ఏటీ హార్డ్ డిస్కులకు తప్ప వేరే ఏ డిస్కుకీ డ్రైవర్ లేదు. ఆయన దగ్గరున్నది అదే మరి! తొలి వెర్షన్ 0.01లో డిస్క్ కొలతలు నేరుగా కోడ్‌లోనే రాసి ఉండేవి. ఒకటి ఆయన డిస్క్‌ది, ఇంకొకటి స్నేహితుడిది. మీ డిస్క్ వేరేదైతే కొలతలు మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. తప్పు కొలత ఇచ్చారంటే డేటా తప్పు చోట పడుతుంది. ఆ ఏడాది చివర్లో ఆయనే మోడెమ్‌కి పంపాల్సిన డయలింగ్ కమాండ్‌ని పొరపాటున హార్డ్ డిస్క్‌కి పంపి, తన మినిక్స్ పార్టిషన్‌ని పాడుచేసుకున్నారు. మళ్లీ మినిక్స్ ఎక్కించే బదులు పూర్తిగా లైనక్స్‌కే మారిపోయారు. డేటా పోయినందుకు అంత లాభం మనకెవరికీ రాదు లెండి.

ఆ తర్వాత వచ్చింది అసలు తలనొప్పి. 1990ల మధ్యలో చాలా పీసీ బోర్డుల మీద సీఎండీ640, ఆర్‌జెడ్1000 అనే ఐడీఈ చిప్‌లు ఉండేవి. రెండూ తయారీలోనే లోపమున్నవి. సీఎండీ640కి రెండు చానెళ్లున్నా, రెండిట్నీ ఒకేసారి వాడితే డేటా కలగాపులగం అయ్యేది. ఆర్‌జెడ్1000లో ముందే చదివిపెట్టుకునే సౌకర్యమే బైట్లను చెడగొట్టేది. ఎర్రర్ మెసేజ్ ఉండదు. ఫైల్ కాపీ అవుతుంది, తెరుచుకుంటుంది, లోపల ఎక్కడో నాలుగు బైట్లు మాత్రం వేరే. ఇంతకన్నా భయంకరమైన బగ్ నాకు తెలీదు. యాప్ క్రాషైతే కనీసం తెలుస్తుంది కదా!

చిప్ మార్చడం ప్రోగ్రామర్ చేతిలో లేదు. అందుకే లైనక్స్ డ్రైవర్‌లో ఆ చిప్ కనబడగానే ఒక చానెల్ పనయ్యాకే రెండోది కదిలేలా, ముందస్తు చదువుడు ఆగిపోయేలా రాశారు. స్పీడ్ తగ్గింది, డేటా నిలిచింది. డిస్క్ వేగం పెంచుకునే హెచ్‌డీపార్మ్ టూల్ మాన్యువల్‌లో కూడా ఈ రెండు చిప్‌ల పేర్లతో హెచ్చరిక ఉంటుంది.

ఇక డిస్కుల అబద్ధాల సంగతి. డేటా ఇంకా తన క్యాష్‌లోనే ఉండగా ‘రాసేశా’ అని డిస్క్ చెప్పేస్తుంది. ఆ క్షణంలో కరెంట్ పోతే గోవిందా. 2001లో ఫ్రీబీఎస్‌డీ వాళ్లు తెగించి, 4.3 వెర్షన్‌లో ఐడీఈ డిస్కుల రైట్ క్యాష్‌ని డిఫాల్ట్‌గా ఆపేశారు. రాసే వేగం దారుణంగా పడిపోయింది, జనం గోల పెట్టారు. తర్వాతి వెర్షన్‌లో మళ్లీ ఆన్ చేయాల్సొచ్చింది. వాళ్లు మొదట చేసిందే కరెక్ట్ అని నా అభిప్రాయం. కానీ రోజూ స్లో మెషీన్ మీద పనిచేయమంటే నేనూ గోల పెట్టేవాణ్నేమో.

2002లో లైనక్స్‌లోనూ గొడవే. 2.5 డెవలప్‌మెంట్ కెర్నల్‌లో ఐడీఈ కోడ్‌ని శుభ్రం చేద్దామని వందకు పైగా ప్యాచ్‌లు వేశారు. డిస్కులు పాడవుతాయని టెస్ట్ చేసేవాళ్లే దాన్ని ముట్టుకోవడానికి భయపడే పరిస్థితి. ఆగస్టులో అదంతా తీసేసి, పాత 2.4 కోడ్‌నే తెచ్చి పెట్టుకున్నారు.

ఆ పాత ఐడీఈ కోడ్ 2021లో, 5.14తో కెర్నల్ నుంచి వెళ్లిపోయింది. అయితే దాని స్థానంలో వచ్చిన లిబ్‌ఏటీఏలో ఆర్‌జెడ్1000కి ఇప్పటికీ ఒక చిన్న ఫైల్ ఉంది. మొన్న ఆఫీసులో లంచ్ బ్రేక్‌లో తెరిచి చూశా. చిప్ కనబడగానే అది చేసే మొదటి పని, ఆ ముందస్తు చదువుడు ఆపేయడమే.