వితంతు మాత నవ్వు: ‘ది మామీ’ నవలలో హాస్యకరుణములు

హాస్యకరుణములు పరస్పర విరోధులని మన లాక్షణికుల మతము. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు రసవిరోధమును వివరించుచు కరుణమునకు హాస్యమును, హాస్యమునకు కరుణమును శత్రువులుగా పేర్కొనెను. చావింట నవ్వు తగదను లోకమర్యాదయే ఈ సూత్రమునకు మూలమని తోచును. అయినను లోకములో మరియొక అనుభవమును కలదు. చావింట దినకర్మలు ముగియక ముందే, వంటపొయ్యి దగ్గర చేరిన ఆడువారు పోయినవాని గుణములను తలచుకొని నవ్వుట, ఆ నవ్వులోనే మరల ఏడ్చుట, ఎరుగనివారు లేరు. శాస్త్రము నిషేధించిన ఈ కలయికను ఆధారముగా గొని ఒక నవల మొత్తము నడువగలదా? నడిచినచో ఆ నవ్వు ఎవరిది, ఎవరిమీదిది? ఐర్లండు దేశపు రచయిత బ్రెండన్ ఓకారల్ రచించిన ‘ది మామీ’ అను నవలను ఆలంబనముగా చేసికొని ఈ ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ నవల 1994లో డబ్లిన్ నగరమున ప్రకటింపబడెను. దీనికి పూర్వము 1992లో ఐర్లండు రేడియోలో ఇదే కుటుంబమును గూర్చిన చిన్న చిన్న భాగముల నాటకము ప్రసారమయ్యెను. కావున ఇది చెవికొరకు పుట్టి కంటికొరకు వ్రాయబడిన గ్రంథము. వర్ణనలు తక్కువగాను, సంభాషణలు ఎక్కువగాను ఉండుటకు ఇదియే కారణము. దీని తరువాత 1995లో ‘ది చిజలర్స్’, 1996లో ‘ది గ్రానీ’ అను నవలలు వచ్చి కథను కొనసాగించినవి.

కథ 1967లో డబ్లిన్ నగరపు పేదవాడలో జరుగును. ఆగ్నెస్ బ్రౌన్ అను నామె మూర్ వీధిలో బండి పెట్టుకొని పండ్లు, కూరగాయలు అమ్మును. ఆమెకు ఏడుగురు బిడ్డలు: ఆరుగురు కుమారులు, ఒక కుమార్తె. భర్త ఆకస్మికముగా మరణించును. అతడు ఆదర్శపురుషుడేమియు కాడు. రచయిత అతనిని మరణానంతరము దేవునిగా చేయుటకు ప్రయత్నింపలేదు. అంతటినుండి కథయంతయు ఆ తల్లి బిడ్డలను సాకుట. కూతురి జుట్టును పాఠశాలలోని సన్యాసిని కత్తిరించినప్పుడు తల్లి వెళ్లి నిలదీయుట, యౌవనము పొడసూపిన పెద్ద కుమారుడు తన దేహమున కలిగిన మార్పును గూర్చి అడిగినప్పుడు తండ్రి చెప్పవలసిన మాటను తాను చెప్పలేక తికమకపడుట మున్నగు చిన్న ఘట్టములే ఇందలి ఇతివృత్తము. పెద్ద కుట్రలు గాని, ఆశ్చర్యకరమైన మలుపులు గాని లేవు.

గ్రంథారంభమునే పరిశీలింతము. భర్త పోయిన నాడే ఆగ్నెస్ తన స్నేహితురాలగు మారియన్‌ను వెంటబెట్టుకొని వితంతు పింఛను కొరకు ప్రభుత్వ కార్యాలయమునకు పోవును. గుమాస్తా వివరములడుగును, మరణ ధ్రువపత్రమడుగును. ఆమెయొద్ద పత్రము లేదు. భర్త ఆనాడే చనిపోయెనని విని గుమాస్తా నిర్ఘాంతపోవును. ఏడ్వవలసిన వేళ ఈమె వరుసలో నిలిచియున్నదేమి యని అతని ఆశ్చర్యము. ఏడుగురు బిడ్డలకు రేపటి భోజనమెట్లని ఆమె ఆలోచన. హాస్యము ఈ రెండు తర్కముల సంఘర్షణమునుండి పుట్టినది. ఆమె దుఃఖము లేనిది కాదు. దుఃఖించుటకు తీరిక లేనిది.

ఈ ఘట్టము మన పాఠకులకు పరాయిది కాదు. సూర్యాపేట జిల్లా పాలకీడు ప్రాంతమునే తీసికొందము. ఇది నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింది వరినేల. భర్తను కోల్పోయిన కూలియింటి ఇల్లాలు అచట నారు పీకి, నాటువేసి, కలుపుతీసి బిడ్డలను పెంచుకొనును. తెలంగాణ రాష్ట్రములో 2014 నవంబరులో ప్రారంభమైన ఆసరా పథకము క్రింద వితంతువులకు నెలకు 1000 రూపాయల పింఛను ఏర్పడి, 2019లో అది 2016 రూపాయలయ్యెను. దానికొరకు దరఖాస్తు పెట్టిన ఏ స్త్రీకైనను మరణ ధ్రువపత్రమన నేమో, కార్యాలయపు వరుస యన నేమో వేరుగా వివరింపనక్కరలేదు. ఆగ్నెస్ నిలిచిన వరుసను ఆమె వెంటనే గుర్తించును. బహుశః గుమాస్తాను చూచి మనకంటె ముందుగా నవ్వును.

నవలలోని నవ్వు గాలిలోనుండి పుట్టలేదు. దాని వెనుక చట్టములు కలవు. ఐర్లండులో వితంతువులకును అనాథలకును పింఛను నిచ్చు చట్టము 1935లో వచ్చెను. అదే 1935లో మరియొక చట్టము గర్భనిరోధక సాధనముల విక్రయమును, దిగుమతిని నిషేధించెను. 1979 నాటి చట్టమువలననే ఆ నిషేధము కొంత సడలినది. విడాకులను 1937 రాజ్యాంగము నిషేధింపగా, 1995 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత గాని ఆ నిషేధము తొలగలేదు. అనగా ఒక చేతితో పెద్ద సంసారమును అనివార్యము చేసిన రాజ్యమే, రెండవ చేతితో ఆ సంసారమునకు పెద్ద దిక్కు పోయినప్పుడు కొద్దిపాటి పైకమును అందించెను. ఆగ్నెస్‌కు ఏడుగురు బిడ్డలుండుట హాస్యము కొరకు రచయిత పెంచిన సంఖ్య కాదు. ఆ కాలపు డబ్లిన్ పేదయిండ్లలో అది వింతయే కాదు. కథాకాలమగు 1967లోనే ఆ దేశమున ఉచిత మాధ్యమిక విద్య అమలులోనికి వచ్చెను. పేదయింటి బిడ్డ బడిలో నిలుచునా, పనిలో చేరునా యను ప్రశ్న అందుచేత ఆనాటి ప్రతి తల్లికిని కొత్తగా ఎదురైనది. అదే సంవత్సరము ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడెను. రెండు దేశములలోను పేదయింటి భవిష్యత్తు ఒకే యేట మారనారంభించినదని గమనించుట అప్రస్తుతము కాదు.

ఇక మన సాహిత్యమున వితంతువు స్థితి యెట్టిది? 1856 నాటి చట్టము పునర్వివాహమునకు అనుమతి నిచ్చెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము మొదటి వితంతు వివాహమును జరిపించెను. ఆ ఉద్యమప్రభావమున వెలసిన రచనలలో ప్రధానపాత్ర బాలవితంతువు. ఆమె సమస్య వివాహము. బిడ్డల తల్లియైన వితంతువు సమస్య వివాహము కాదు, అన్నము. పైగా మారుమనువు ఆచారముగా గల శ్రామిక కులములలో పునర్వివాహము అంతకు పూర్వమే ఉండెను; వారికి సంస్కర్త క్రొత్తగా ఇయ్యవలసినది అది కాదు. కావున అగ్రవర్ణపు బాలవితంతువు మన సాహిత్యమున కన్నీటికి పాత్రమయ్యెను. కూలిచేసి బిడ్డలను పెంచిన తల్లి చాలకాలము పుటల వెలుపలనే నిలిచెను.

హాస్యరచనలలోనికి వితంతువు రాలేదా యనిన, వచ్చినది. గురజాడ ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో క్రొత్తరూపము దాల్చెను. అందు బుచ్చమ్మయు, మీనాక్షియు వితంతువులే. వారికంటె మన ప్రస్తుతాంశమునకు దగ్గరగా వచ్చునది పూటకూళ్లమ్మ. ఆమె అన్నము వండిపెట్టి తన చేతికష్టముమీద బ్రదుకును. గిరీశము తనను మోసగించెనని తెలిసి చీపురుకట్టతో మధురవాణి యింటికి వచ్చును. మంచము క్రింద దాగిన గిరీశమునకు తగులవలసిన దెబ్బ రామప్పంతులుకు తగులును. తెలుగు నాటకమున ఇంతటి నవ్వు పుట్టించిన ఘట్టములు తక్కువ. కాని ఒక విషయము గమనింపదగినది. ఆమెకు పేరు లేదు. వృత్తియే ఆమె పేరు. కథ గిరీశముతో పోవును. ఆమె చీపురుతో వచ్చి, నవ్వించి, నిష్క్రమించును. ఆమె యింటికి పోయి ఆ రాత్రి ఏమి తలపోసినదో నాటకము చెప్పదు. అది గురజాడ లోపమని మా భావము కాదు. ఆయన లక్ష్యము వేరు. ఆ తలుపును తెరచి లోనికి పోయిన రచన ఎట్లుండునో చూపుటయే ‘ది మామీ’ విశేషమని మా మనవి.

భరతుడు హాస్యమును ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండు విధములుగా విభజించెను. తాను నవ్వుట ఆత్మస్థము, ఇతరులను నవ్వించుట పరస్థము. ఈ రసము స్త్రీలయందును, నీచప్రకృతులయందును అధికముగా కనబడునని కూడ ఆయనయే చెప్పెను. స్మితము, హసితము ఉత్తములకును, అపహసితము, అతిహసితము అధములకును చెందునని ఆయన విభాగము. ఈ కొలతతో చూచినచో బిగ్గరగా నవ్వు ఆగ్నెస్ అధమపాత్రమే కావలెను. కాని నవల చదివినవారికి ఆమె అధమయని తోచదు. ఏల? ఆమె నవ్వు అవివేకమువలన పుట్టినది కాదు. గుమాస్తా, సన్యాసిని, అధికారము గల ప్రతి వ్యక్తియు ఆమెను చిన్నబుచ్చుటకు సిద్ధముగా నుందురు. ఆమెయొద్ద ధనము లేదు, విద్య లేదు, పలుకుబడి లేదు. మాట యొక్కటియే కలదు. ఆ మాటతోనే ఆమె తన తలను పైకెత్తి నిలుపుకొనును. పాఠకుడు ఆమెను చూచి నవ్వడు, ఆమెతో కలిసి నవ్వును. నవ్వుటకు హేతువైన వ్యక్తియే ఆ నవ్వునకు యజమానురాలగుట ఇందలి క్రొత్తదనము.

కరుణము ఈ గ్రంథమున భర్త మరణమునందు లేదు, స్నేహితురాలి మరణమునందున్నది. మారియన్ కూడ అదే వీధిలో అమ్ముకొను స్త్రీ. తెల్లవారుజామున ఇద్దరును కలిసి పనికి పోవుదురు. నవలలోని నవ్వులలో సగము వారిద్దరి సంభాషణములే. అట్టి మారియన్‌కు కేన్సరు వ్యాధి సోకి ఆమె మరణించును. భర్త పోయినప్పుడు వరుసలో నిలుచుటకు తోడు వచ్చిన మనిషి ఇప్పుడు లేదు. మొదటి మరణమున ఆగ్నెస్ పోగొట్టుకొన్నది సంపాదనను. రెండవ మరణమున పోగొట్టుకొన్నది నవ్వును పంచుకొను తోడును. అంతవరకు వినిన పరిహాసములన్నియు ఈ ఘట్టమున మరల జ్ఞప్తికి వచ్చి బాధించును. ఇచట హాస్యము కరుణమునకు శత్రువు కాలేదు, సామగ్రి యైనది. ముందు నవ్వియుండనిచో ఈ దుఃఖము ఇంత లోతుగా తగిలియుండదు. విశ్వనాథుడు చెప్పిన విరోధము ఒకే క్షణమున రెండు రసములను కలుపుటకు వర్తించునేమో గాని, ఒకదాని స్మృతిని మరియొకదానికి ఆధారము చేయుటకు వర్తింపదని దీనివలన తేలుచున్నది.

రచయిత జీవితముతో ఈ కథకు గల సంబంధమును గూర్చి ఒక మాట. 1955లో జన్మించిన ఓకారల్ పదునొకండుగురు సంతానములో కడపటివాడు. ఆయన తల్లి మౌరీన్ ఓకారల్ 1954లో లేబరు పక్షమున ఐర్లండు పార్లమెంటునకు ఎన్నికై 1957 వరకు సభ్యురాలుగా నుండెను. భర్త పోయిన తరువాత ఆమె బిడ్డలను పెంచెను. కాని ఆగ్నెస్ ఆమె ప్రతిబింబము కాదు. తల్లి శాసనసభ్యురాలు, కథానాయిక వీధిలో కూరగాయలమ్ముకొను స్త్రీ. రచయిత తల్లినుండి గ్రహించినది జీవితచరిత్రను కాదు, స్థితిని: తండ్రి లేని పెద్ద సంసారమున తల్లి మాటయే గోడయు, కప్పును అగు స్థితిని.

ఈ నవలను తెలుగుచేయదలచినవారికి మొదటి చిక్కు పేరుననే ఎదురగును. మామీ యనగా ఐర్లండు వాడుకలో అమ్మ. ‘అమ్మ’ యని యనువదించినచో ఆ పేదవాడ వాసన పోవును. తెలంగాణ పల్లెలలో పలువురు తల్లిని ‘అవ్వ’ యని పిలుతురు. ఆ మాటలో మూర్ వీధి సహజముగా పలుకును. కాని కోస్తా జిల్లాలలో అవ్వ యనగా తల్లి తల్లి. అచటి పాఠకుడు ఈ గ్రంథమును మూడవ నవలయగు ‘ది గ్రానీ’ యని పొరబడగలడు! ఇది నవ్వులాట కాదు. ఆగ్నెస్ మాటకు ప్రాణము ఆమె వీధి పలుకుబడి. మేము వ్రాయుచున్న ఈ భాషలో ఆమెచేత మాటలాడించినచో ఆమె తక్షణమే మరణించును. మిర్యాలగూడ, సూర్యాపేట అంగళ్లలో కూరగాయలమ్ము స్త్రీల పలుకుబడిని చెవియొగ్గి వినినవారే దీనికి తగిన అనువాదకులు.

గుణములతోబాటు దోషములను చెప్పుట విమర్శకుని విధి. ఆగ్నెస్‌కు గాయకుడగు క్లిఫ్ రిచర్డ్‌తో నాట్యము చేయవలెనని కోరిక. ఈ గాయకుడు 1940లో మన లక్నోలో జన్మించినవాడు. నవల తుదిలో ఆ కోరికను తీర్చుటకై రచయిత కథను సులభమార్గమున నడిపించెను. ఏడుగురు బిడ్డల తల్లి స్వశక్తితో నిలిచిన కథకు వెలుపలినుండి వచ్చిన ఈ వరము అనవసరము. 1999లో ఆంజెలికా హ్యూస్టన్ దర్శకత్వమున వచ్చిన ‘ఆగ్నెస్ బ్రౌన్’ చలనచిత్రమున ఆ గాయకుని స్థానమున టామ్ జోన్స్ కనబడును. లోపము మాత్రము మారలేదు. అయినను చిత్రమునకు ఆమె పేరుంచుట యుచితముగా నున్నది. 2011 నుండి వచ్చిన దూరదర్శన ధారావాహికలో రచయితయే స్త్రీవేషమున ఆమెను అభినయించెను. పురుషుడు స్త్రీపాత్రను ధరించుట స్థానం నరసింహారావు మధురవాణిని చూచిన జాతికి వింత కాదు. కాని అచట ఆమె వయస్సు మళ్లిన అమ్మమ్మ. బిడ్డలు పెరిగినారు, ఆకలి తీరినది. ఆకలి తీరగనే నవ్వు వట్టి వేడుక యైనది. నవలలోని నవ్వునకు బలమెచటనుండి వచ్చినదో దీనివలన తెలియును.

మొత్తముమీద తేలిన విషయమిది. వితంతువును మన సాహిత్యము చిరకాలము జాలికి పాత్రముగానో, పరిహాసమునకు సాధనముగానో చూచినది. రెండింటను ఆమె ఇతరుల దృష్టికి విషయమే. ఆమెయే చూచినచో లోకమెట్లు కనబడునో, ఆమెయే నవ్వినచో ఎవరిని చూచి నవ్వునో చెప్పునట్టి పెద్ద హాస్యనవల మనకు రావలసియున్నది. దానికి వలయు సామగ్రి కొరత లేదు. పాలకీడు పొలములలో నాటువేయు ఆడువారి గుంపున ఒకసారి నిలిచి వినిన చాలును. వంగిన నడుములతో, మోకాటిబంటి బురదలో, వారు అధికారులను, ఆసాములను, పోయిన మగలను గూర్చి ఆడుకొను పరిహాసములలో ఆ నవల యిదివరకే సగము చెప్పబడియున్నది. వ్రాయువాడు దానిని జాలితో చెడగొట్టకుండిన చాలును.