గడ్డిమంట సీమలో బొగ్గుల విందు

హైదరాబాదులోనో విజయవాడలోనో బార్బెక్యూ హోటలు వెతుక్కోవడం పెద్ద పనేమీ కాదు. ఫోనులో చుక్కలు చూసి, బల్ల బుక్ చేసుకుని, ఆకలితో వెళ్తే చాలు. బల్ల మధ్యలో బొగ్గుల గుంట, చువ్వలకు గుచ్చిన ముక్కలు, ఇక వద్దనేదాకా వడ్డన. 2006లో ముంబైలో మొదలైన బార్బెక్యూ నేషన్ మన నగరాలకు నేర్పిన అలవాటిది. అదే ధీమాతో బందరు కోనేరు సెంటరులో దిగి మంచి బార్బెక్యూ ఎక్కడని అడిగితే మాత్రం, చెయ్యి చికెన్ పకోడీ బండి వైపు చూపిస్తుంది.

ఈ డెల్టాకు కాల్చిన మాంసం తెలియకపోవడమేమిటి? బాగా తెలుసు. కాకపోతే హోటలు బోర్డు మీద కనిపించదు. కారణం కట్టెల్లో ఉంది. టెక్సాస్‌లో ఓక్ కట్టెలున్నాయి, అక్కడివాళ్లు మాంసానికి గంటల తరబడి పొగ పట్టిస్తూ కూర్చోగలరు. మారేడుమిల్లికి అడవి ఉంది, వెదురు ఉంది, బొంగులో చికెన్ వచ్చింది. ఇక్కడ దివిసీమ కొసన మడ అడవులున్నా అది అభయారణ్యం, చెయ్యి వేయకూడదు. మిగిలిందంతా వరిగడ్డి, తాటాకు, కొబ్బరి మట్ట. గడ్డి భగ్గున లేచి చూస్తుండగానే బూడిదవుతుంది. ఆ మంట మీద మాంసం పైన కాలుతుందే తప్ప లోపల ఉడకదు. అందుకే ఇక్కడి వంటలో నిప్పుది సగం పని, దాకది సగం పని.

నాటుకోడి సంగతే చూడండి. ఈకలు పీకి, గడ్డిమంట మీద అటూ ఇటూ తిప్పుతారు. నూగు కాలి, తోలు బిగిసి, కొవ్వు మెరుపు తేలాక పసుపు రాసి కడిగి, తోలుతోనే ముక్కలు కొడతారు. తోలుకు పట్టిన పొగ పులుసులోకి దిగుతుంది. సంక్రాంతికి పందెంలో ఓడిన కోడికీ ఇదే మర్యాద. (పందేల మీద నిషేధం ఏటా ఉంటుంది, పులుసూ ఏటా ఉంటుంది.) వేట తలకాయ, కాళ్లు కూడా అంతే, కాల్చి గీకనిదే కూరకు పనికిరావు. ఇప్పుడు చాలా దుకాణాల్లో గ్యాసు మంటతో కాల్చేస్తున్నారు. వెంట్రుక పోతుంది, పొగ వాసన ఎక్కదు. కోత యంత్రాలు వచ్చాక ఇళ్ల దగ్గర గడ్డివాములు తగ్గాయి, వాటితోపాటు ఈ రుచీ తగ్గింది. గుడివాడలో ఆదివారం తలకాయ కూర వండే చిన్న మెస్సుకు వెళ్తే అడగాల్సిన ప్రశ్న ఒకటే: దేనితో కాల్చారు? గడ్డితోననో బొగ్గులతోననో జవాబు వస్తే కూర్చోండి.

గడ్డిమంటను పల్లెటూరి సర్దుబాటు అనుకుంటే పొరపాటు. జపాన్‌లోని కోచి ప్రాంతంలో కట్సువో అనే సముద్రపు చేపను సరిగ్గా వరిగడ్డి మంట మీదే పైపైన కాల్చి, కోసి వడ్డిస్తారు. అదే ఆ ప్రాంతపు పేరున్న వంటకం, దాన్ని తినడానికే మనుషులు ప్రయాణం కట్టుకుని వెళ్తారు. గడ్డికీ చేపకూ కొదవలేని మనకు ఆ ఊహ ఎందుకు రాలేదో! గిలకలదిండి రేవులో దిగే వంజరం, చందువా, కానాగంతలు నేరుగా పులుసుకో వేపుడుకో పోతాయి. నిప్పు చూసేది ఎండుచేప ఒక్కటే, అదీ ఇంట్లో, పొయ్యి ఆర్పేముందు బొగ్గుల మీద వేసుకుని చద్దన్నంలో నంజుకోవడానికి. నాగాయలంక వైపు పెంచే పండుగప్పలో కండ మందం, కొవ్వు ఉంది. బొగ్గుల మీద కాల్చడానికి దాన్ని మించిన చేప ఈ నీళ్లలో లేదని నా అభిప్రాయం. ఉప్పు, పసుపు, కారం, కాస్త చింతపండు గుజ్జు చాలు. మండపీతల్లో మంచివి మాత్రం తాళ్లతో కట్టించుకుని ప్రాణాలతోనే చెన్నై బండి ఎక్కుతాయి, అక్కడి నుంచి విదేశాలకు. పెంచిన ఊళ్లో వాటిని కాల్చుకుని తినడం ఖరీదైన సరదా.

ఈ సీమలో అసలైన బార్బెక్యూ యానాదులది. పొలం గట్ల మీద బుట్టలు పెట్టి వరి ఎలుకలను పట్టి, అక్కడే గడ్డిమంటలో కాల్చుకుంటారు. పంట కాపాడినందుకు రైతు కూలి ఇస్తాడు, ఆ తిండిని మాత్రం చిన్నచూపు చూస్తాడు. చేలో వరి గింజలు తిని పెరిగిన మాంసానికి ఏం తక్కువో నాకు అర్థం కాదు.

ఇక బొగ్గుల బండ్లు. బందరు గోల్కొండ సుల్తానుల రేవు. 1611లో ఇంగ్లీషువాళ్లు దిగేనాటికే పర్షియా వర్తకులు తిరిగిన ఊరు. ఇక్కడి కబాబు ఆ ఓడల్లోనే దిగిందని రాసేయడం తేలిక. నాకైతే అది హైదరాబాదు నుంచి బస్సెక్కి వచ్చినట్టే అనిపిస్తుంది. ఏదైనా, బండి ఎంచుకునేటప్పుడు రంగు చూసి మోసపోకండి, బొగ్గు చూడండి. నల్లగా పొగ చిమ్ముతుంటే ఇంకా సమయం కాలేదు. పైన తెల్లటి బూడిద పొర కమ్మాకే ముక్క పెట్టాలి. కొన్నిచోట్ల ముందే నూనెలో వేయించి ఉంచి, గిరాకీ రాగానే నిప్పుకు చూపించి ఇస్తారు. పచ్చి ముక్క మీ ఎదురుగా చువ్వకు ఎక్కకపోతే పక్క బండికి నడవండి, ఎటూ నాలుగడుగుల దూరమే.

మాంసం ముట్టనివాళ్లకూ వాటా ఉంది. చలికాలంలో తేగలను కుండలో పేర్చి, పైన తాటాకు, గడ్డి కప్పి తంపటి వేస్తారు. రోడ్ల పక్కన కట్టలు కట్టి అమ్ముతారు. ఉడకబెట్టినవీ ఉంటాయి, అడిగి కాల్చినవే తీసుకోండి. సంక్రాంతి దాటాక కొంటే పీచు ఎక్కువ.